కింది చిన్నక్షరాలు

నన్ను అందరూ మగవాడనుకునేవారు. తప్పు వాళ్ళది కాదు. మా పేటలో ఇళ్ళ పైకప్పుల మీదుగా తీగలు లాగి, మాలో మేమే అల్లుకున్న నెట్‌వర్క్‌లో నేను పెట్టుకున్న పేరు జెడ్-ఎనభై. నేను చదువుకున్న రోజుల్లో కంప్యూటర్ల లోపల ఉండే ఒక చిప్పు పేరు అది. ఆ పేరు గుర్తున్నవాడు ముసలివాడై ఉంటాడని, ఇంత తెలిసినవాడు మగవాడే అయి ఉంటాడని వాళ్ళే తేల్చేసుకుని, "మాష్టారూ" అని పిలవడం మొదలుపెట్టారు. నేనూ కాదనలేదు. యాభై ఎనిమిదేళ్ళ ఒంటరి ఆడదాన్ని, అసలు పేరు జొరాయిదా అని చెబితే ఆ మర్యాద దక్కేది కాదు. మరునాడే ఎవడో ఒకడు వచ్చి చొక్కా గుండీ కుట్టిపెట్టమనేవాడు.

మాది హవానాలో లాటన్ పేట. చక్కెర మిల్లుల లెక్కలు చూసే ఒక ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు ప్రోగ్రాములు రాశాను. మిల్లులు మూతపడ్డాయి, వాటి వెనకే ఆఫీసూ మూతపడింది. మా ఆయన అంతకు ముందే మతాన్సాస్ ఊళ్ళో ఇంకొకావిడని చూసుకున్నాడు, పీడా పోయింది. పిల్లలు లేరు. పొద్దున రేషన్లో ఇచ్చే బఠానీ కలిపిన కాఫీ కాచుకుంటే గిన్నెలో ఒక కప్పుకి మించి మిగలకూడదని నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నెట్‌వర్క్ అంటే బయటి ఇంటర్నెట్ కాదు. దానికి పార్కులో బెంచీ మీద కూర్చుని గంటకింతని డబ్బు పోయాలి, పోసినా నత్తనడకే. ఇది మా సొంత సొత్తు. మూడు వందల ఇళ్ళ తీగలు ఉలీసెస్ మేడ మీది పెట్టెలో కలుస్తాయి. ఉలీసెస్ లిఫ్టులు బాగుచేసే మనిషి, నలభై దాటినవాడు, మాట తక్కువ. ఆటలాడేవాళ్ళు ఆడుకునేవారు, సినిమాలు పంచుకునేవాళ్ళు పంచుకునేవారు. నియమాలు మూడే. రాజకీయాలు మాట్లాడకూడదు, బూతులు కూడదు, ఎవరి అసలు పేరూ చిరునామా బయటపెట్టకూడదు. ఆ మూడో నియమం దగ్గర ఉలీసెస్ చండశాసనుడు.

నేను చూసుకునేది ప్రశ్నల పెట్టె. ప్రోగ్రాములు రాసేవాళ్ళకు వచ్చే సందేహాలన్నీ అందులో పడతాయి, నేను జవాబిస్తాను. ఇదంతా నా బుర్రలోంచి వచ్చేదని జనం అనుకునేవారు. కాదు. లోకంలోని ప్రోగ్రామర్లంతా ఒకరినొకరు అడుక్కునే పెద్ద చావడి లాంటి సైటు ఒకటి బయట ఉంది. దాన్ని ఎవరో మహానుభావుడు మొత్తం దించి డిస్కులోకెక్కించాడు. చేతులు మారి మారి అది ఉలీసెస్‌కి చేరింది. అందులో మనం కొత్తగా ఏదీ అడగలేం. ఎప్పుడో ఎవరో అడిగినదీ ఎవరో చెప్పినదీ చదువుకోవడమే. ఉలీసెస్ దాన్ని అందరికీ తెరిచే పెట్టాడు గానీ, ఒక్క ముక్క వెతకాలంటే అరగంట తిరిగేది. అంత ఓపిక ఎవరికుంది?

నేను దాని నకలు తీసుకున్నాను. నా పాత డిస్కులో అది పట్టలేదు. పట్టించడానికి కోతలు పెట్టాను. ప్రశ్న ఉంచాను, ఎక్కువమంది మెచ్చిన జవాబు ఒకటి ఉంచాను. ఆ జవాబు కింద చిన్నక్షరాల్లో జనం రాసుకున్న వ్యాఖ్యలు ఉంటాయి, వాటిని మొత్తం తీసిపారేశాను. తీసే ముందు ఓ పదిహేను చూశాను. థాంక్స్, నాకూ పనిచేసింది, నువ్వు దేవుడివి బ్రదర్, నాలుగు గంటలుగా ఏడుస్తున్నాను బతికించావు, ఇదీ వరస. కబుర్లకేం, మా బ్రెడ్డు క్యూలో కావలసినన్ని దొరుకుతాయి. నన్ను పలకరించి మాట్లాడే దిక్కు లేదు, ఊరూపేరూ తెలియనివాళ్ళ ముచ్చట్లు నా డిస్కు ఎందుకు మోయాలి? ఒళ్ళు మండి తీసేశాను, నిజం చెబుతున్నాను. తీసేశాక సగం డిస్కు ఖాళీ అయింది, వెతుకులాట పది సెకన్లకు దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండేళ్ళు ఆ పెట్టె నడిపాను. అడిగేవన్నీ దాదాపు అవే ప్రశ్నలు. లెక్క ఒకటి నుంచి కాకుండా సున్నా నుంచి ఎందుకు మొదలవుతుంది? మన స్పానిష్ పేర్లలోని ఎన్యే అక్షరం తెర మీద ప్రశ్నార్థకంగా ఎందుకు మారుతోంది? నా కంప్యూటర్లో బ్రహ్మాండంగా నడిచే ప్రోగ్రాము మా బావ కంప్యూటర్లో ఎందుకు చస్తోంది? ఈ చివరిది వారానికి మూడుసార్లు వచ్చేది. బావను మార్చు అని రాయాలనిపించేది. రాయకుండా నిగ్రహించుకుని, జవాబు వెతికి పెట్టేదాన్ని. పనైపోగానే జనం వెళ్ళిపోయేవారు. మాష్టారు ఎలా ఉన్నాడని, అసలు ఉన్నాడా పోయాడా అని, ఒక్కరూ అడిగేవారు కాదు.

ఒక్కడు తప్ప. అతను నెట్‌వర్క్‌లో పెట్టుకున్న పేరు గూడబాతు. మా పేటలో కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, ఏ గంటకొస్తాయో దేవుడికే ఎరుక. గుట్ట మీది వీధులకైతే మరీ అన్యాయం, వచ్చినట్టే వచ్చి ఆగిపోతాయి. గూడబాతు ఉండేది అక్కడే. ఏ వీధికి ఎప్పుడు నీళ్ళొచ్చాయో, ఎంతసేపు వచ్చాయో రోజూ రాసిపెట్టి, ముందుగా చెప్పగలిగే ప్రోగ్రాము ఒకటి మొదలుపెట్టాడు. నెట్‌వర్క్‌లోని అరవై ఇళ్ళను ప్రతి పొద్దునా అడిగేవాడు. ఆ అరవైలో నా ఇల్లు ఒకటి.

అతని పలకరింపు ఏడు గంటలకల్లా తెర మీద ఉండేది. మాష్టారూ, నీళ్ళొచ్చాయా, ఎన్నింటికి అని. ఆరూ నలభైకి, సన్నగా అని రాసేదాన్ని. సన్నగా వస్తే ముందు తాగడానికి పట్టుకోండి, స్నానం సంగతి తర్వాత చూద్దురుగాని అని జవాబొచ్చేది. ఒక్కోసారి కాఫీ తాగారా అని కూడా ఉండేది. అంతే. అంతకు మించి మేం ఏమీ మాట్లాడుకోలేదు. అయినా నీళ్ళు రాని రోజున కూడా ఆరింటికే లేచి, కొళాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. రాలేదు అని రాయడానికైనా ఒకరున్నారు కదా. ఈ వయసులో ఇంత చిన్నదానికి ఆశపడతానని నేనెన్నడూ అనుకోలేదు. సిగ్గుగానే ఉండేది, అయినా లేచేదాన్ని.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. మార్చిలో పేట సమావేశం ఉందని, నీళ్ళ శాఖవాళ్ళు వస్తారని, ఆ ఎనిమిది నెలల లెక్క వాళ్ళ ముందు పెట్టి గుట్ట వీధులకు ట్యాంకరు అడుగుతానని ఒకరోజు రాశాడు. నోటిమాటగా చెబితే నవ్వి పంపించేస్తారు, కాగితం మీద ఏ రోజు ఎన్ని నిమిషాలో చూపిస్తే ఏం చేస్తారో చూద్దాం అన్నాడు.

సమావేశానికి మూడు వారాల ముందు, ఒక మంగళవారం, నా పెట్టెలో అతని ప్రశ్న పడింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఒక పనిముట్టు ఉంది. ఇక్కడిదాకా దాచు అంటే అప్పటికి రాసినదంతా భద్రంగా దాస్తుంది, తర్వాత ఎక్కడైనా చెడగొట్టుకుంటే దాచిన చోటికి వెనక్కి వెళ్ళవచ్చు. గూడబాతు ముందురోజు సాయంత్రం ఏదో మార్చాడు, ప్రోగ్రాము నిలిచిపోయింది. అతని ప్రశ్న ఒక్కటే: నిన్న చేసింది నాకొద్దు, వెనక్కి వెళ్ళడం ఎలా మాష్టారూ?

లోకంలో ప్రోగ్రామర్లు అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్నల్లో అదొకటి. నా నకల్లో పది సెకన్లలో దొరికింది. వేలమంది మెచ్చిన జవాబు, ఒకే ఒక్క లైను ఆజ్ఞ. నిజానికి ఆ పనిముట్టును నేనెప్పుడూ వాడలేదు. చక్కెర ఆఫీసులో మేం సాయంత్రం కాగానే ఫ్లాపీల్లోకి ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళం. ఆ లైను చూడగానే మనసులో ఎక్కడో చిన్న గుబులు పుట్టింది. ఉలీసెస్ పూర్తి ప్రతిలో ఒకసారి చూద్దామా అనిపించింది. అరగంట పని. కానీ అడిగింది గూడబాతు. ఎనిమిది నెలలుగా నన్ను మాష్టారూ అంటున్న మనిషి, అతని ముందు నాకు తెలియదు, ఆగు అనడమా? ఆ లైను నకలు చేసి, ఇది కొట్టు అని రాసి పంపాను. క్షణంలో పంపగలిగినందుకు గర్వపడ్డాను కూడా.

సాయంత్రానికి అతని దగ్గర్నుంచి రెండు ముక్కలొచ్చాయి. వెనక్కి వెళ్ళింది గానీ మొదటికి వెళ్ళిపోయింది మాష్టారూ, నేనే ఎక్కడో పొరపాటు చేసుంటాను, మీరేం అనుకోకండి అని. గూడబాతు ఆ పనిముట్టుతో దాచింది ఒకే ఒక్కసారి, మొదలుపెట్టిన వారంలో. ఆ తర్వాత దాచు అనడమే మరిచిపోయాడు. నేనిచ్చిన లైను అతన్ని నిన్నటికి కాదు, ఎనిమిది నెలల వెనక్కి తీసుకుపోయి పడేసింది. ప్రోగ్రాముతో పాటు అందులోనే ఉన్న నీళ్ళ పట్టీ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. అరవై ఇళ్ళు, రెండు వందల నలభై పొద్దులు.

ముందు నాకు కలిగింది ఏమిటో చెప్పేస్తాను. ఊరట. తప్పు తనదేనని అతనే అన్నాడు కదా, బతికిపోయాను అనుకున్నాను. ఆ రాత్రి అన్నం కూడా తిన్నాను. మరునాడు ఏడింటికి తెర ముందు కూర్చుంటే పలకరింపు రాలేదు. ఎనిమిదింటికీ రాలేదు. పట్టీయే లేనప్పుడు నీళ్ళ సంగతి ఎందుకు అడుగుతాడు? ఆ రోజు నీళ్ళు ఏడూ పదికి బాగా వచ్చాయి, చెప్పడానికి ఎవరూ లేరు.

మూడు పొద్దులు అలా గడిచాక ఉండబట్టలేక ఉలీసెస్ పూర్తి ప్రతి తెరిచి, అదే ప్రశ్న వెతకమన్నాను. అరగంట తిరిగి తిరిగి తెర మీదికి వచ్చింది. అదే ప్రశ్న, అదే జవాబు. దాని కింద, నేను నా నకల్లో ఊడ్చిపారేసిన చోట, చిన్నక్షరాల్లో పదకొండు వ్యాఖ్యలున్నాయి. రెండు థాంక్సులు. మూడోది, జాగ్రత్త, దాచనిదంతా పోతుంది, నా మూడు రోజుల పని పోయింది అని. దాని కింద నాదీ పోయింది అని ఒకడు. ముందు ఇంకో చోట నకలు పెట్టుకుని గానీ ఇది కొట్టకండి అని ఒకామె. దండం పెడతాను, దీన్ని కొత్తవాళ్ళకు చెప్పకండి అని మరొకడు. ముక్కూమొహం తెలియనివాళ్ళు, ఎక్కడెక్కడివాళ్ళో, తాము పడ్డ గోతి పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్ళను హెచ్చరిస్తున్నారు. నేను వాళ్ళ నోళ్ళు నొక్కి, అందరినీ అదే దారిన తోలాను.

అప్పటినుంచి నా పని తేలు కుట్టిన దొంగ పనే. చెబుదామని కూర్చునేదాన్ని. తప్పు నాది నాయనా, హెచ్చరికలు నేనే తీసేశాను అని రాసేదాన్ని. పంపే మీట మీద వేలు పెట్టి, తీసేసేదాన్ని. చెబితే ఏమవుతుంది? నన్ను కొడతాడా, తిడతాడా. ఇక ఎప్పటికీ పలకరించడు, అంతే. చెప్పకపోతే ఎప్పుడో ఒకనాటికి మళ్ళీ పట్టీ మొదలుపెట్టవచ్చు, మళ్ళీ పొద్దున్నే అడగవచ్చు. ఆ ఒక్క ఆశకు నోరు కుట్టేసుకున్నాను. రెండు వారాలు. ఆ రెండు వారాల్లో ఇతరులు అడిగిన ముప్పై ప్రశ్నలకు మాత్రం ఠంచనుగా జవాబులిచ్చాను, ఏమీ ఎరగనట్టు.

ఈలోగా కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇళ్ళ మీదుగా వీధులు దాటించి తీగలు లాగకూడదట, ఉన్నవి నెలాఖరులోగా దించేయాలట. నెట్‌వర్క్‌లో పెద్ద గోల లేచింది. కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు, ఆటలాడేవాళ్ళు చివరి పోటీ పెట్టుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆపేస్తున్నాను అని ఉలీసెస్ ప్రకటన పెట్టాడు. శుక్రవారం పొద్దున నేను మళ్ళీ రాశాను, ఈసారి పూర్తిగా, దాపరికం లేకుండా. పదకొండున్నరకు ఒకసారి చదివాను. పదకొండూ యాభైకి మళ్ళీ చదివాను. పన్నెండయింది, తెర బోసిపోయింది. ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది. పంపలేకపోయానని కాదు, పంపకుండా ఉండడానికే రెండుసార్లు చదివాను. నా సంగతి నాకు తెలియదా.

ఆ రోజంతా ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఇక పలకరింపు వస్తుందన్న ఆశే లేదు, కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. అయినా గుండెల మీది బరువు దిగలేదు సరికదా, రెట్టింపయింది. సమావేశం ఇంకో వారంలో ఉంది. అతను అక్కడికి ఉత్త చేతులతో వెళతాడు, తప్పు తనదే అనుకుంటూ వెళతాడు. ఆ మాట మాత్రం భరించలేకపోయాను.

శనివారం పొద్దున్నే ఉలీసెస్ మేడెక్కాను. అతను నన్ను ఎరుగును, మాష్టారు ఎవరో పేటలో అతనొక్కడికే తెలుసు. తీగలు విప్పి చుట్టలు చుడుతున్నాడు. గూడబాతు ఇల్లెక్కడో చెప్పమన్నాను. చెప్పనన్నాడు. నెట్‌వర్కే పోయాక ఇంకా నియమమేమిటని దెబ్బలాడాను. తీగలు దించమన్నారు గానీ మాట తప్పమనలేదు కదక్కా అన్నాడు. అప్పుడు జరిగిందంతా చెప్పుకొచ్చాను. చుట్టడం ఆపి విన్నాడు. కాసేపు తల గోక్కున్నాడు.

"చిరునామా అయితే చెప్పనక్కా," అన్నాడు. "కానీ ఈ నల్ల కేబుల్ ఇవాళ చుట్టాలి. దాని రెండో కొస దగ్గర ఎవరో ఒకరు విప్పి ఇవ్వాలి కదా. నాకేమో నడుం నొప్పి. నువ్వు దీన్ని పట్టుకుని పోతూ పోతూ ఉంటే ఎక్కడికి చేరుతుందో అక్కడికి చేరతావు. అది నేను చెప్పినట్టు కాదు."

ఆ తీగ పట్టుకుని బయలుదేరాను. ఎక్కడెక్కడ కట్టారో అక్కడక్కడ విప్పుకుంటూ, చుట్ట భుజానికి తగిలించుకుంటూ. ఒక మేడ మీద కోళ్ళు, ఒక మేడ మీద ఆరేసిన దుప్పట్లు, ఇంకో మేడ మీద బనీనుతో గెడ్డం గీసుకుంటున్న ఒకాయన. ఇదేం వయసమ్మా గోడలు దూకడానికి అన్నాడు ఆయన. నీ పని నువ్వు చూసుకో, చెవి తెగుతుంది అన్నాను. వీధి దాటినచోట కిందికి దిగి, అవతల ఇంటివాళ్ళను బతిమాలి మళ్ళీ ఎక్కేదాన్ని. మూడు వీధులు, గుట్ట ఎక్కుడు. ఇన్నాళ్ళూ అతను నాకు ఇంత దగ్గర్లో ఉన్నాడు. బ్రెడ్డు క్యూలో ఎన్నిసార్లు పక్కపక్కన నిలబడ్డామో.

తీగ ఒక మూడంతస్తుల పాత ఇంటి కిటికీలోకి దూరింది. మెట్ల మీద నీళ్ళ బకెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. తలుపు తట్టాను. నలభై ఏళ్ళ మనిషి తీశాడు, చేతుల నిండా పిండి. బ్రెడ్డు బట్టీలో పని అట, అప్పుడే వచ్చాడట. పేరు ఎలియేసెర్ అని తర్వాత తెలిసింది. నా భుజం మీది చుట్ట చూసి, ఉలీసెస్ పంపాడా అమ్మా, లోపలికి రండి అన్నాడు. కుర్చీ తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం.

"నేనే మాష్టార్ని," అన్నాను.

నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు. నీళ్ళు సన్నగా వచ్చిన రోజులు, ముందు తాగడానికి పట్టుకోమన్న మాట, అతనికీ నాకూ తప్ప ఎవరికీ తెలియనివి రెండు మూడు చెప్పాను. గోడకానుకున్నాడు. అతని మొహంలో మెల్లగా సంతోషం కనిపించింది. అది చూశాక చెప్పడం ఇంకా కష్టమైంది. అయినా చెప్పాను. తప్పు అతనిది కాదని, హెచ్చరికలు ఆ జవాబు కిందే ఉన్నాయని, చోటు కోసం నేనే తీసిపారేశానని, రెండు వారాలు తెలిసీ నోరు విప్పలేదని. సమావేశంలో నేనే లేచి నిలబడి లెక్క నా వల్ల పోయిందని చెబుతానని కూడా అన్నాను.

అతను తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"అవి నేను ముందే చదివానమ్మా," అన్నాడు చివరికి.

నాకు అర్థం కాలేదు. ఎప్పుడు చదివావని అడిగాను.

"మిమ్మల్ని అడగకముందే. ఉలీసెస్ పూర్తి ప్రతిలో అరగంట కూర్చుని చదివాను. జవాబేమో కొట్టమంటోంది, కిందేమో అంతమంది వద్దు వద్దంటున్నారు. ఏది నమ్మాలో తెలీక మీ పెట్టెలో వేశాను. మీరు ఒక్క క్షణంలో, కొట్టు, అన్నారు. అంతమంది చెప్పిందీ మాష్టారికి తెలియకుండా ఉంటుందా, తెలిసే అంటున్నారు, వాళ్ళే కంగారుపడి ఉంటారు అనుకున్నాను. మీ మాటే విన్నాను."

అక్కడే కూలబడ్డాను, అతను తుడిచి వేసిన కుర్చీలోనే. ఏదైనా తిట్టి ఉంటే బాగుండేది. అంతమంది చేతులడ్డం పెట్టి ఆపిన మనిషిని నా ఒక్కమాట గోతిలోకి దింపింది, ఆ మాట వెనక నాకున్నది ఒట్టి బింకం. నా మీద అంత నమ్మకం ఈ లోకంలో ఒకరికి ఉందని నాకు తెలిసింది ఆ రోజే, అది పోయిందీ ఆ రోజే.

అతను లోపలికి వెళ్ళి ఒక నోటుబుక్కు తెచ్చాడు. కరెంటు పోయినప్పుడు చూసుకోవడానికని, నేను పెట్టెలో ఎవరికిచ్చిన జవాబైనా సరే, తనకు పనికొస్తుందనిపించిందల్లా చేత్తో రాసుకున్నాడట. గుండ్రటి అక్షరాలు, ఒక్కోదాని పక్కన తేదీ. అన్నీ మాష్టారు చెప్పినవే. నా ఒళ్ళో పెట్టాడు.

"మరి వీటిల్లో ఏవి ఉంచుకోమంటారు?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

పేజీలు తిప్పాను. రెండు వందలకు పైగా ఉన్నాయి. ఏ ఒక్కదాని కింద ఎవరేమన్నారో నేను చూడలేదు. ఏది నిలుస్తుందో ఏది ముంచుతుందో నాకేం తెలుసు?

"నాకు తెలియదు నాయనా," అన్నాను.

అతను నోటుబుక్కు నా చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు.

"ఆ ముక్క ఆ మంగళవారం అనుంటే సరిపోయేది కదమ్మా," అన్నాడు.

తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, కంప్యూటరు వెనకనుంచి తీగ కొస ఊడదీసి, కిటికీలోంచి బయటికి వదిలాడు. మెట్ల మీద బకెట్లున్నాయి, జాగ్రత్తగా దిగండి అన్నాడు. నేను మిగిలిన తీగ చుట్టుకుంటూ కిందికి దిగాను.